మృగశిర నాడు ఇంగ్లీషు చేప

మృగశిర కార్తె మొదటి రోజున దుకాణం వదిలి రమ్మని శారదమ్మను అడగాలంటే గుండె నిబ్బరం ఉండాలి. రాంగోపాల్‌పేట్ చేపల మార్కెట్‌కు ఏడాదికొక్కసారి వచ్చే రోజది. ఆ రోజు చేప ముక్క నోట్లో పడకపోతే వానాకాలమంతా దగ్గూ ఆయాసమూ పట్టుకుంటాయని ఊరు ఊరంతా నమ్ముతుంది. ఏడాది పొడుగునా చేప వైపు కన్నెత్తి చూడని వాళ్లు కూడా సంచీ పట్టుకుని దిగుతారు. తెల్లవారుజాము నుంచి శారదమ్మ కత్తికి ఊపిరి సలపదు. ముప్పై ఐదేళ్లుగా ఆ రోజున ఆమెను దుకాణంలోంచి కదిలించే మొనగాడు పుట్టలేదు.

పుట్టిందల్లా మొనగత్తె. ఆమె కూతురు కల్పలత.

ఈసారి మృగశిర ఆదివారం పడింది. వారం ముందే కల్పలత వచ్చి, ఆ మధ్యాహ్నం రెండు గంటలు తనకివ్వమంది. సత్యదేవ్ వాళ్లమ్మకు ఆ ఆదివారం తప్ప కుదరదట. సత్యదేవ్ అంటే బేగంపేటలో కల్పలత పనిచేసే ఇన్సూరెన్సు ఆఫీసులో పక్క సీటు కుర్రవాడు. రెండేళ్లుగా ఇద్దరూ పెళ్లి చేసుకోవాలనుకుంటున్నారు. సత్యదేవ్ వాళ్లది బందరు వైపు కుటుంబం. యాప్రాల్‌లో స్థిరపడి శానిటరీ సామాన్ల షోరూం నడుపుకుంటున్నారు. సంబంధం ఖాయం కాకముందు పిల్ల ఇంట్లో భోజనానికి కూర్చోవడం వాళ్ల ఇంటావంటా లేదు కనక, కలిసి తినే ముచ్చట హోటల్లో పెట్టుకున్నారు.

అంతవరకు శారదమ్మకు పేచీ లేదు. పేచీ అంతా కూతురు వాళ్లకు చెప్పిన మాట మీద. మా అమ్మ సీఫుడ్ ఎక్స్‌పోర్ట్ చూసుకుంటుంది అని చెప్పిందట. శారదమ్మ చేపలు మహా ఎగుమతైతే బన్సీలాల్‌పేట్ దాకా అయివుంటాయి, అదీ కొన్నవాళ్ల స్కూటర్ల మీద. తండ్రి పోయాక ఆ కత్తే తనను ఇంజనీరింగు చదివించిందని కల్పలతకు తెలియక కాదు. తెలిసే చెప్పింది. అదే శారదమ్మకు ముల్లులా గుచ్చుకుంది.

"ఒక్కసారి చెప్పు వాళ్లకు, మా అమ్మ చేపలమ్ముతది అని," అంది శారదమ్మ ఆ రోజు. "గంతే. ఇంకేం అడుగ నిన్ను."

"తినే కాడ నేనే చెప్తా అమ్మా. నువ్వు జెర నిమ్మళంగ ఉండు, చాలు."

ఆ ఒక్క మాట తన చెవులతో వినడానికే శారదమ్మ ఆడబిడ్డ ఎల్లమ్మను దుకాణంలో కూర్చోబెట్టి, ముందు బారులు తీరి నిలబడ్డ జనాన్ని దాటుకుని ఇంటికొచ్చింది. పట్టుచీర కట్టుకుంది. కల్పలత ఆమె చేతులను నిమ్మచెక్కతో నాలుగుసార్లు కడిగించింది, ప్రతిసారీ ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. దారి పొడుగునా ఆటోలో జాగ్రత్తలు చెబుతూనే ఉంది. చెయ్యి పెట్టి తినొద్దు, ఫోర్కు పట్టుకో. ముక్కను తిప్పి చూడకు. వాసన చూడకు. ఇది తాజాదా అని ఎవర్నీ అడగకు. శారదమ్మ ఊఁ కొడుతూ కూర్చుంది. పెళ్లిచూపులు కూతురికా తల్లికా అని అడగాలనిపించింది గానీ నోరు కట్టుకుంది.

హోటలు కార్ఖానా రోడ్డులో ఉంది. సత్యదేవ్ ఏడాదిపాటు ఇంగ్లండులోని లీడ్స్‌లో చదివి వచ్చినవాడు, అచ్చంగా అక్కడి పద్ధతిలోనే చేస్తారని ముచ్చటపడి ఆ చోటు ఎంచాడు. గుమ్మం దగ్గర ఎర్ర టెలిఫోను డబ్బా, గోడల నిండా పడవల బొమ్మలు, నీలి గళ్ల బల్లగుడ్డలు. పైన స్పీకర్లో సముద్రపు పక్షులు అరుస్తున్నాయి. సికింద్రాబాదు నుంచి ఏ వైపు పోయినా మూడు వందల కిలోమీటర్లకు గానీ సముద్రం తగలదు. ఆ పక్షులు ఇక్కడికెందుకు వచ్చినట్టో శారదమ్మకు అర్థం కాలేదు.

సత్యదేవ్ తల్లి నాంచారమ్మ అప్పటికే కూర్చుని ఉంది. నిండైన మనిషి, మెడలో రెండు పేటల గొలుసు. లేవలేదు. నమస్కారానికి తల ఆడించి, కుర్చీ చూపించింది. వాళ్ల వైపు వియ్యానికి వచ్చిన ఆడవాళ్లను మొదటి పూటే వదినగారూ అని పిలుస్తారని కల్పలత ముందే చెప్పింది. నాంచారమ్మ మాత్రం ఏవండీ అంది. శారదమ్మ వదినె అనబోయి ఆ మాట మింగేసి తనూ ఏవండీ అంది.

మాటలు మొదలైనప్పటి నుంచి కయ్యమే. తమ ఆయన బుల్లబ్బాయిగారు ముందు ఆడవాళ్లను చూసి రమ్మన్నారని, ఆయనదాకా రావాలంటే చాలా మెట్లుంటాయని నాంచారమ్మ అంది. మోకాళ్ల నొప్పులు లేని వాళ్లకు మెట్లు ఎన్నుంటే ఏముందిలెండి అంది శారదమ్మ. మృగశిర నాడే కలుసుకోవడం శుభమని సత్యదేవ్ సర్దబోతే, ఏడాదికి ఒకనాడు చేప తినడం కూడా ఒక పండగేనా, మేం బందర్లో రోజూ తింటాం అని తల్లి తీసిపారేసింది. తెలంగాణ వాళ్లవి చెరువు చేపలని, ఎంత చింతపండు పోసినా మట్టివాసన చావదని కూడా అంది. శారదమ్మ నాలుక మీదకు వచ్చిన జవాబు వింటే ఆ బల్లగుడ్డ నీలి గళ్లు ఎర్రబడేవి. కల్పలత బల్లకింద కాలితో తన్నింది. శారదమ్మ మంచినీళ్లు తాగింది.

"ఎక్స్‌పోర్ట్ అంటే, మీవి ఏయే దేశాలకు వెళతాయండీ?" అనడిగింది నాంచారమ్మ.

ఇదే అదును. చెప్పేదేదో ఇక్కడ చెప్పేస్తే అయిపోతుంది. శారదమ్మ కూతురి వైపు చూసింది. కల్పలత నవ్వి, అమ్మకు ఆ పేర్లేవీ గుర్తుండవు ఆంటీ, అంతా మేనేజర్లే చూసుకుంటారు అంది. శారదమ్మకు మేనేజర్లు కూడా ఉన్నారన్న సంగతి శారదమ్మకు అప్పుడే తెలిసింది. ఎల్లమ్మ ఈపాటికి మోకాలిదాకా చేప నీళ్లలో నిలబడి గిరాకీతో గొంతు చించుకుంటూ ఉంటుంది. మేనేజరంటే ఆమే అయివుండాలి.

నాంచారమ్మ ఆ కబురు అక్కడితో వదల్లేదు. పెద్ద ఎత్తున చేసే వ్యాపారం వేరు, అది గౌరవంగా ఉంటుంది అంది. "మా షోరూం ముందు ఫుట్‌పాత్ మీద చేపలోళ్లు కూర్చునేవారండి. ఆ నీచు నీళ్లూ, ఆ పొలుసులూ, ఆ ఈగలూ. మనుషులా వాళ్లు. మా వారు నాలుగు అర్జీలు పెట్టి మరీ లేపించారు."

శారదమ్మ చేతిలో గ్లాసు ఆగిపోయింది. ఆ ఫుట్‌పాత్ మీంచి లేచిపోయిన వాళ్లలో ఇద్దరు తన దగ్గరే సరుకు తీసుకుని వెళ్లేవాళ్లు. ఒకామె బుట్ట మున్సిపాలిటీ బండి కింద నలిగిపోతే తన పాత బుట్ట ఇచ్చి పంపింది.

కల్పలత గొంతు వినిపించింది. "అవును ఆంటీ. చాలా న్యూసెన్స్."

మాట చాలా మామూలుగా అనేసింది. అని, తల్లి వైపు చూడకుండా కాగితపు నాప్‌కిన్ మడత పెట్టుకుంది. శారదమ్మకు ఒళ్లంతా మండిపోయింది. ఎదుటావిడ అన్నందుకు కోపం వచ్చింది గానీ, అది పైపై కోపం. ఎవరో పరాయి మనిషి, ఏం తెలుసు ఆమెకు. కడుపున పుట్టింది ఔనన్నదే, అది పేగుల్లో దిగింది. లేచి పోదామనుకుంది. చెప్తానంది కదా, ఇంకా తినడం మొదలే కాలేదు కదా అని తనకు తనే బుజ్జగించుకుని కూర్చుంది.

అప్పుడు పళ్లేలు వచ్చాయి. తిరుమల్ అనే వెయిటరు, నడివయసు మనిషి, నాలుగూ ఒకేసారి మోచేతుల మీద మోసుకొచ్చాడు. పాత ఇంగ్లీషు పేపరులా అచ్చేసిన కాగితం మీద జానెడు పొడుగు చేప ముక్క, ఒంటి నిండా మైదా పిండి తొడుగు వేసి నూనెలో వేయించింది. పక్కన లావుపాటి బంగాళాదుంప ముక్కలు, చిన్న గిన్నెలో పచ్చబఠానీల ముద్ద, ఇంకో గిన్నెలో తెల్లటి సాసు. ఇది కాడ్ అనే సముద్రపు చేప అని, చల్లటి దేశాల నుంచి వస్తుందని, ముల్లూ తలా ఏమీ ఉండవని అతను వివరించాడు. పైన వెనిగరు పోసుకోవాలట. నాంచారమ్మ సీసా అందుకుని, ముక్క తడిసి ముద్దయ్యేదాకా పోసుకుంది. కొడుకు వారించబోతే విసుక్కుంది. "కరోనా వచ్చి పోయినప్పట్నించీ నా ముక్కు పనిచెయ్యట్లేదురా. మల్లెపూలు పెట్టినా పేడ పెట్టినా నాకు ఒకటే. పులుపన్నా తెలియనీ."

శారదమ్మకు నవ్వొచ్చింది, అదీ కుళ్లు నవ్వు. నాలుగుసార్లు నిమ్మచెక్కతో చేతులు అరగదీసుకున్నది ఈ ముక్కు కోసమా.

ఫోర్కు పక్కన పెట్టి వేలితోనే తన ముక్కను విరిచింది. వేలికే తెలిసిపోయింది ముందు. మంచి చేప ఉడికితే పొర పొరగా విడివడుతుంది. ఇది పిండిలా అంటుకుంది. పిండి తొడుగు పగలగానే లోపలి ఆవిరి పైకొచ్చింది. నూనె వాసన కింద, వెనిగరు ఘాటు కింద, ఇంకొక ఘాటు ఉంది. మురుగుదొడ్డి పక్క నుంచి నడిచినప్పుడు కళ్లలోకి కొట్టేలాంటిది. ముప్పై ఐదేళ్లలో ఆ వాసనను ఆమె ఎన్నడూ పొరబడలేదు. అది చల్లటి దేశపు చేపా కాదు. గడ్డ కట్టించి పలకలుగా అమ్మే చవక చెరువు చేప. మృగశిర వచ్చిందంటే ఐసు పెట్టెల అడుగున నెలల తరబడి పడివున్న సరుకంతా బయటికొస్తుంది. ఒకసారి కరిగి, మళ్లీ గడ్డకట్టి, మళ్లీ కరిగిన చేపను కూడా ఆరోజు ఎవరైనా కొనేస్తారు. మార్కెట్లో అలాంటిది కనబడితే శారదమ్మ అమ్మేవాడి మొహాన కొట్టి వచ్చేది.

తలెత్తింది. నాంచారమ్మ పెద్ద ముక్క నోట్లో పెట్టుకుంది. సత్యదేవ్ టొమాటో సాసులో ముంచి రెండో ముక్క మింగాడు, అచ్చం లీడ్స్‌లో తిన్నట్టే ఉందన్నాడు.

చెప్పడానికి ఒక్క క్షణం చాలు. తినకండి, పాడైంది, అంటే అయిపోయేది. శారదమ్మ నోరు తెరిచింది కూడా. అంతలో మనుషులా వాళ్లు అన్న మాట చెవిలో మళ్లీ పడింది. తెరిచిన నోట్లో ఒక బంగాళాదుంప ముక్క పెట్టుకుని నమిలింది.

తిననీ అనుకుంది. చచ్చిపోరు. ఒక రాత్రి వాంతులు, రెండు రోజులు విరేచనాలు. చేపలోళ్లను ఫుట్‌పాత్ మీంచి లేపించినావిడ కడుపు పట్టుకుని మంచం మీంచి లేవలేకపోతే ఎట్లుంటుందో చూడనీ. మేనేజర్లున్న ఎక్స్‌పోర్టరమ్మకు ఒక ముక్క మంచిదో చెడ్డదో ఎట్లా తెలుస్తుంది, తెలియదు కదా. ఇట్లా అనుకుంటూ ఉంటే ఆమెకు హాయిగా ఉంది. ఉదయం నుంచి మొదటిసారి ఆ కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుంది. నాంచారమ్మ తింటున్న తీరు చూస్తూ, ఇంకొంచెం వెనిగరు కావాలా అండీ అని మర్యాదగా సీసా కూడా జరిపింది.

అటు నుంచి కూడా మర్యాద మొదలైంది. కడుపులో ఇంత పడ్డాక నాంచారమ్మ గొంతు మెత్తబడింది. పిల్ల బావుందని, నెమ్మదస్తురాలని, తనకు కూతుళ్లు లేరని అంది. తను కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారు చేప తల ముక్క ఎప్పుడూ తనకు వెయ్యలేదని, కోడలొస్తే మొదటి రోజే తల ముక్క వెయ్యాలని అప్పుడే అనుకున్నానని చెప్పింది. చెబుతూ ఆఖరి ముక్క నోట్లో వేసుకుంది. శారదమ్మకు ఆ మాట రుచించలేదు. పగ పట్టిన మనిషి మంచి మాట అంటే ఎటు తోసుకోవాలో తెలియదు. ఇప్పుడు చెప్పినా లాభం లేదు, పళ్లెం ఖాళీ అయిపోయింది అని సమాధానం చెప్పుకుంది. తర్వాత సత్యదేవ్ పళ్లెం చూసింది. సగం ఇంకా ఉంది. చూపు తిప్పుకుంది.

కల్పలత అప్పటిదాకా చేప ముట్టలేదు. భయంతో బంగాళాదుంపలు మాత్రం కొరుకుతూ, ఎవరి గ్లాసు ఖాళీ అయితే వాళ్లకు నీళ్లు పోస్తూ కూర్చుంది. కాబోయే అత్త మెత్తబడటం చూసి మొహం విచ్చుకుంది. ఇవాళ చేప తినకుండా ఉండకూడదు కదా అంటూ ఫోర్కుతో ముక్క విరిచి, తెల్ల సాసు అద్ది, నోటి దగ్గరికి తెచ్చింది.

శారదమ్మ చెయ్యి ఆమె అనుకోకుండానే లేచింది. ఫోర్కు ఎగిరి నేల మీద పడింది. రెండో చెయ్యి పళ్లెం లాగేసి తన ముందు పెట్టుకుంది.

"తినకు. పాడైంది అది."

సత్యదేవ్ నమలడం ఆపేశాడు. నోట్లోది నాప్‌కిన్లోకి ఊశాడు. తిరుమల్ పరుగున వచ్చి, ఏమైందమ్మా అంటూ నిలబడ్డాడు. నాంచారమ్మ తన పళ్లెం వైపు చూసుకుంది. నూనె మరక, పిండి పలుకులు నాలుగు. అక్కడి నుంచి ఆవిడ చూపు శారదమ్మ సొంత పళ్లెం మీదకు వెళ్లింది. అందులో ముక్క ఒక్క చోట విరిచి ఉంది, ఒక్క పలుకు కూడా తిన్న జాడ లేదు. బంగాళాదుంపలు మాత్రం లేవు. ఆవిడకు ముక్కు పనిచెయ్యదు గానీ కళ్లు బాగానే పనిచేస్తాయి.

"మీకెప్పుడు తెలిసిందండీ?" అంది. గొంతు పెంచలేదు.

శారదమ్మకు అవతల ఉన్నది పగదానిలా కనబడలేదు. పెద్దావిడ, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, భయపడుతూ జవాబు కోసం చూస్తోంది.

"ఇప్పుడే," అంది శారదమ్మ. "పిల్ల ముక్క విర్వంగనే వాసనొచ్చింది. ఇప్పుడే తెలిసింది నాకు."

తేలిపోయే మాటే అయినా నిలబెట్టుకోవచ్చు. పక్కనున్నది అవునంటే చాలు. ఇందాక న్యూసెన్సుకు అవునన్నట్టే ఇంకొక్క అవును. శారదమ్మ కూతురి మొహంలోకి బతిమాలుతున్నట్టు చూసింది. కల్పలత తల్లి ముందున్న విరిచిన ముక్కను చూసింది, నాంచారమ్మ ఖాళీ పళ్లెం చూసింది, సత్యదేవ్ చేతిలో నాప్‌కిన్ చూసింది.

"అబద్ధం ఆంటీ," అంది. "మా అమ్మ చేపలమ్ముతది. రాంగోపాల్‌పేట్ మార్కెట్ల కూసోని ముప్పై ఐదేండ్ల సంది చేపలు కోస్తది. ఎక్స్‌పోర్టూ లేదు, మేనేజర్లూ లేరు, అదంత నేను చెప్పిన అబద్ధం. పళ్లెం బల్ల మీద పెట్టంగనే తెలుస్తది ఆమెకు. తెలిసే మిమ్మల్ని తిననిచ్చింది."

నాంచారమ్మ కుర్చీ వెనక్కి జరుపుకుని లేవబోయి తూలింది. కల్పలత ఒక్క అంగలో అటు చేరి చంక కింద చెయ్యి వేసింది. సత్యదేవ్ అప్పటికే బయటికి పరుగెత్తి, కారు తలుపు దగ్గర నిలబడి ఆసుపత్రికి ఫోను చేస్తున్నాడు. శారదమ్మ కూడా లేచి, చీర చెంగు సర్దుకుంటూ రెండడుగులు వేసింది.

"నువ్వు రాకమ్మా," అంది కల్పలత, వెనక్కి తిరగకుండానే.

శారదమ్మ మళ్లీ కూర్చుంది. కూతురి నోట ఆ మాట వినాలని ఎన్నాళ్లుగానో అనుకుంది. వింటే ఎట్లా తలెత్తి కూర్చోవాలో కూడా అనుకుని పెట్టుకుంది. కూతురు అందరి ముందూ చెప్పింది, ఒక్క అక్షరం దాచకుండా చెప్పింది. శారదమ్మ తల ఎత్తలేకపోయింది.